తెనాలిలో పొట్టు మినప్పప్పు దొరకదా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. తెనాలిలో ఒంటరిగా ఉంటున్నాను. ముప్పై ఏళ్ళపాటు మా వీధి చివరి పచారీ కొట్టులోనే నెల సరుకులు తెచ్చుకున్నాం. నాలుగేళ్ళ క్రితం ఆ కొట్టు మూతపడింది. అప్పటి నుంచి మెయిన్ రోడ్డు మీదున్న ఒక సూపర్ మార్కెట్‌కు వెళుతున్నాను. మొదట్లో అక్కడ బియ్యమే ఆరు రకాలు ఉండేవి, పప్పులు డబ్బాల్లో పోసి ఉంచేవారు, చేతిలోకి తీసుకుని చూసి కొనుక్కునేదాన్ని. ఇప్పుడు బియ్యం రెండు రకాలే, పప్పులన్నీ ఆ దుకాణం సొంత పేరు అచ్చేసుకున్న ప్యాకెట్లే. పొట్టు మినప్పప్పు అడిగితే "రావడం లేదు మేడం" అంటారు తప్ప ఎందుకు రావడం లేదో చెప్పేవారు లేరు. ఐదు బిల్లింగ్ కౌంటర్లలో రెండే పనిచేస్తాయి. ఫోన్ నంబరు చెప్పనిదే బిల్లు వేయరు. రెండు మూడు రూపాయల చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెడతారు. రెండు వారాల క్రితం కొన్న బొంబాయి రవ్వ నిన్న తెరిస్తే పురుగులు కనిపించాయి. తీసుకువెళితే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున ఉన్న ముక్క చూపించారు. బెంగళూరులో ఉంటున్న మా అబ్బాయి అన్నీ యాప్‌లో తెప్పించుకోమంటాడు, పైగా నాది చాదస్తమంటాడు. నిజంగా ఇది చాదస్తమేనా? కాకపోతే నేను ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీది చాదస్తం కాదు. అయితే మీ ఉత్తరంలో రెండు వేర్వేరు జాతుల ఫిర్యాదులు ఒకే మూటలో ఉన్నాయి, ముందు ఆ మూట విప్పుకోవాలి. పురుగుల రవ్వ, ఫోన్ నంబరు, చిల్లర బదులు చాక్లెట్లు అనే మూడింటిలో మీ పక్షాన చట్టమో ప్రభుత్వ ఆదేశమో స్పష్టంగా ఉంది. రెండే కౌంటర్లు తెరవడం, అడిగినదానికి సరిగా జవాబు చెప్పకపోవడం, పొట్టు మినప్పప్పు తెప్పించకపోవడం అనే మూడింటిని ఏ చట్టమూ బాగు చేయలేదు, వాటికి వేరే దారి ఉంది. ఈ ఆరింటినీ ఒకే ఊపిరిలో మేనేజరుకు చెబితే ఆయన వాటిలో తనకు సులువైనదానికి మాత్రం "సారీ మేడం" అని జవాబిచ్చి, మిగిలినవాటిని దాటవేస్తాడు.

పొట్టు మినప్పప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది అదే. వరి కోతకు ముందు మడిలో మిగిలిన తేమ మీద మినుము చల్లే అలవాటు కృష్ణా డెల్టాలో తరతరాలది. ఈ మధ్య జొన్న, మొక్కజొన్న దాని చోటును కొంత ఆక్రమించినప్పటికీ, మినుము పండే మాగాణుల నడుమ ఉన్న ఊళ్ళో ఒక పెద్ద దుకాణానికి పొట్టు మినప్పప్పు "రావడం లేదు" అంటే అది పంట కొరత కాదు, రవాణా సమస్య కూడా కాదు. తెల్లగా మెరిసే మినపగుళ్ళు మాత్రమే తెప్పించాలని ఎక్కడో, బహుశా తెనాలిలో ఎన్నడూ అడుగుపెట్టని ఒక ఉద్యోగి, కంప్యూటరు ముందు కూర్చుని నిర్ణయించి ఉంటాడు. అతడికి మీ మీద కక్ష ఏమీ లేదు. అల్మరాలో ఒక్కొక్క అడుగు స్థలం నెలకు ఎంత ఆదాయం తెచ్చిందో అతడి తెర మీద కనిపిస్తుంది. నెమ్మదిగా కదిలే సరుకును తీసివేసి ఆ స్థలాన్ని వేగంగా కదిలే సరుకుకు ఇవ్వడం అతడి వృత్తిధర్మం.

ఈ లెక్కలో ఒక గుడ్డితనం ఉంది. బార్‌కోడు యంత్రం అమ్ముడుపోయినదాన్ని మాత్రమే నమోదు చేస్తుంది. కావలసినది లేక వెనుదిరిగిన మనిషిని అది నమోదు చేయదు. మీరు పొట్టు పప్పు కోసం వచ్చి, లేదని తెలిసి, సరే అనుకుని గుళ్ళ ప్యాకెట్టు తీసుకువెళితే, ఆ యంత్రం దృష్టిలో మీరు గుళ్ళను ఇష్టపడే ఖాతాదారు. వచ్చే నెల గుళ్ళ ప్యాకెట్లు మరికొన్ని వస్తాయి, పొట్టు పప్పు మానేయడం సరైన నిర్ణయమేనని రుజువవుతుంది. మీ పాత పచారీ కొట్టులో ఈ పని యజమాని జ్ఞాపకం చేసేది. ముగ్గురు వచ్చి అడిగి లేదనిపించుకుని వెళితే, నాలుగో రోజున గుంటూరు నుంచో దుగ్గిరాల నుంచో ఒక బస్తా దిగేది. "లేదు" అన్న మాట కూడా ఆయనకు ఒక లెక్కే. ఇప్పటి ఏర్పాటులో ఆ లెక్క రాసుకునేవాళ్ళు లేరు.

దీన్ని కొంచెం వెనక్కు వెళ్ళి చూస్తే మీ అసంతృప్తి ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. 1916 సెప్టెంబరులో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, సరుకు కొనేవాళ్ళే అల్మరాల మధ్య నడిచి తమకు కావలసినవి తామే తీసుకునే పద్ధతి ప్రవేశపెట్టాడు. అంతవరకు అక్కడ కూడా మన కొట్లలో లాగే చీటీ ఇస్తే గుమాస్తా సరుకు తెచ్చి, తూచి, కట్టి ఇచ్చేవాడు. గుమాస్తా చేసే పనిలో సగం ఆ రోజు నుంచి కొనేవాళ్ళ మీద పడింది. వెతకడం, మోయడం, చక్రాల బుట్ట నెట్టుకు తిరగడం, వరుసలో నిలబడడం అన్నీ మనవే. దానికి ప్రతిఫలంగా రెండు వచ్చాయి: ధర తగ్గింది, పది రకాలు కళ్ళతో చూసి నచ్చినది ఎంచుకునే వీలు కలిగింది. మన పట్టణాలకు ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చినా అదే ఒప్పందంతో వచ్చింది. మీ కోపానికి కారణం నా ఉద్దేశంలో ఇదే. పని మీ మీద అలాగే ఉంది, ఎంపిక మాత్రం నిశ్శబ్దంగా వెనక్కు వెళ్ళిపోయింది.

అది వెనక్కు వెళ్ళడానికి ఒకటికి మించిన దారులున్నాయి. మొదటిది సొంత పేరు ప్యాకెట్లు. పేరున్న కంపెనీ పప్పు అమ్మితే దుకాణానికి మిగిలేదాని కంటే, మిల్లు నుంచి టోకున కొని తన పేరు అచ్చేసిన సంచిలో పోసి అమ్మితే మిగిలేది ఎక్కువ. కాబట్టి కంటి ఎత్తున ఉండే అరలో తన ప్యాకెట్టును పెట్టి, మిగిలినవాటిని పై అరకో నేల అరకో పంపుతుంది, తర్వాత వాటిని మానేస్తుంది. ఆ ప్యాకెట్లన్నీ నాసిరకమని నేననను, కొన్ని నిజంగా బాగుంటాయి. ఎక్కడ తయారైంది, ఎవరు ప్యాక్ చేశారు అన్నది వెనుక వైపు చిన్న అక్షరాల్లో తప్పనిసరిగా ఉంటుంది కాబట్టి ఒకసారి చదవండి, కొన్నిసార్లు మీకు తెలిసిన మిల్లు పేరే కనిపించవచ్చు. రెండవది, అరలను అద్దెకిచ్చే ఆచారం. ముందు వరుసలో, కౌంటరు పక్కన, మలుపుల దగ్గర ఉండే చోట్లకు పెద్ద కంపెనీలు డబ్బు చెల్లిస్తాయి. అంత చెల్లించలేని చిన్న తయారీదారు, గానుగ నూనె ఆడించే మన ఊరి మనిషి, ఆ దుకాణం గడప దాటలేడు. అరల మధ్య చొక్కా మీద కంపెనీ గుర్తు వేసుకుని, "ఇది తీసుకోండి ఆంటీ, చాలా బాగుంటుంది" అని చెప్పే అమ్మాయిలు చాలా చోట్ల ఆ దుకాణం ఉద్యోగులు కారు, ఆ కంపెనీ పెట్టిన మనుషులు. పొట్టు పప్పు ఎక్కడ ఉందని ఆ అమ్మాయిని అడిగితే తెలియదంటుంది, తెలియకపోవడంలో ఆమె తప్పు లేదు.

మూడవది, పేర్లు మారినంత సులువుగా కంటికి కనిపించనిది: దుకాణాలు చేతులు మారి కొద్దిమంది యజమానుల దగ్గరికి చేరడం. 2006 నవంబరులో రిలయన్స్ తన మొదటి ఫ్రెష్ దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొన్నది, ఆ బోర్డుల మీద మోర్ అన్న పేరు వచ్చింది. హెరిటేజ్ వారి ఫ్రెష్ దుకాణాలు 2016లో ఫ్యూచర్ రిటైల్‌కు వెళ్ళే ఒప్పందం కుదిరింది. 2022లో ఆ ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళి, బిగ్ బజార్ అన్న బోర్డే దిగిపోయింది. ఎన్ని చేతులు సరుకు ఎంచి తెప్పిస్తాయో అన్ని రకాల ఎంపికలు ఉంటాయి. చేతులు తగ్గుతున్న కొద్దీ ఒకే రకం బుర్ర అన్ని ఊళ్ళకూ ఒకే జాబితా తయారుచేస్తుంది.

రెండవ పక్షం వాదన కూడా చెప్పాలి. రకాలు తగ్గించడం వల్ల ధర నిజంగా తగ్గుతుంది. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పోవైలో మొదలుపెట్టిన డీమార్ట్ నడిచేది ఎక్కువగా ఈ సూత్రం మీదే: తక్కువ రకాలు తెప్పించి, ఒక్కొక్కటి పెద్ద ఎత్తున కొని, వేగంగా అమ్మి, వచ్చిన తగ్గింపులో కొంత కొనేవాళ్ళకు ఇవ్వడం. నలుగురు పిల్లలున్న ఇల్లాలికి నెలకు నాలుగైదు వందలు మిగలడం పొట్టు మినప్పప్పు కంటే ముఖ్యం కావచ్చు. మీ సూపర్ మార్కెట్ రకాలూ తగ్గించి, ధరలూ తగ్గించకపోతే మాత్రం అది మీకు ఏ వాదనా చెప్పలేదు. పాత బిల్లులుంటే పక్కపక్కన పెట్టి చూడండి.

పాత కొట్టును కూడా దేవాలయం చేయవద్దు. మా వీధి కొట్టులో మా అమ్మ చీటీ చదివి, "ఈ కందిపప్పు పాతబడింది, త్వరగా ఉడకదు, అరకిలో తీసుకువెళ్ళండి, వచ్చే వారం కొత్త సరుకు దిగుతుంది" అని చెప్పిన యజమాని నాకు గుర్తున్నాడు. తూకం అయ్యాక గుప్పెడు కొసరు వేసే చేయి కూడా గుర్తుంది. అదే కొట్టు ముందు పాలేర్లను, కూలీ జనాన్ని గంటసేపు నిలబెట్టి, వెనుక వచ్చిన మా బోటివాళ్ళకు ముందు ఇచ్చిన సంగతీ గుర్తుంది. ఖాతా పుస్తకంలో పేరు ఎక్కినవారు వేరే కొట్టు మెట్టు ఎక్కలేకపోవడం మర్యాద కాదు, అప్పు వేసిన ముడి. ఎవరైనా సరే లోపలికి నడిచి వెళ్ళి, ఏ సరుకునైనా తన చేత్తో తీసుకుని ధర చదివే హక్కు మనకు ఈ పెద్ద దుకాణాలతోనే వచ్చింది. నేను దాన్ని వదులుకోను.

ఇక మీరు చేయవలసినది. "లేదు" అన్న మాటను ఎవరో ఒకరు రాసుకునేలా చేయాలి. కౌంటరులో ఉన్న అమ్మాయికి చెబితే అది గాలిలో కలుస్తుంది, ఆమెకు సరుకు తెప్పించే అధికారం లేదు. నెల మధ్యలో, పదో తేదీకీ ఇరవయ్యో తేదీకీ నడుమ, ఒక పనిదినం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో వెళ్ళి స్టోర్ మేనేజరును అడగండి. జీతాలు పడిన మొదటి వారంలో ఆయనకు మీ మాట వినే తీరిక ఉండదు. నోటితో చెప్పి ఊరుకోకుండా ఒక కాగితం ఇవ్వండి. అందులో ఆవేదన వద్దు, అంకెలు ఉండాలి. ఈ మాదిరిగా రాస్తే చాలు: "నేను నాలుగేళ్ళుగా మీ దగ్గర నెలకు సుమారు ఇన్ని వేల రూపాయల సరుకు కొంటున్నాను. నాకు నెలకు రెండు కిలోల పొట్టు మినప్పప్పు కావాలి. అది మీ దగ్గర లేనందున వేరే కొట్టుకు వెళుతున్నాను, వెళ్ళినప్పుడు దానితోపాటు కందిపప్పు, మిరపకాయలు, బెల్లం కూడా అక్కడే తీసుకుంటున్నాను. మీరు తెప్పిస్తే ఇవన్నీ మళ్ళీ మీ దగ్గరే కొంటాను." రెండు కిలోల పప్పు పోయిందంటే మేనేజరు లెక్కచేయకపోవచ్చు, పప్పు వెంట మిగిలిన బుట్ట కూడా పోతోందంటే ఆయన ఆ కాగితాన్ని పైకి పంపుతాడు. మీ వీధిలో ఇంకో నలుగురు అదే నెలలో అదే సరుకు పేరుతో రాస్తే మరీ మంచిది. ఒక్కొక్కరు ఒక్కొక్క సరుకు అడిగితే మాత్రం ఏదీ రాదు. మీ సూపర్ మార్కెట్ రెండు మూడు జిల్లాల్లో మాత్రమే దుకాణాలున్న ప్రాంతీయ సంస్థ అయితే ఈ కాగితానికి బలం ఎక్కువ, ఎందుకంటే సరుకు కొనే మనిషి మీకు ఒకటి రెండు మెట్ల దూరంలోనే ఉంటాడు. దేశమంతా దుకాణాలున్న సంస్థ అయితే ఆశ తగ్గించుకోండి.

ఆ కాగితంలో బెదిరింపు ఉత్తిదై ఉండకూడదు, అంటే నిజంగానే వేరే చోట కొనాలి. నెల చీటీ మొత్తం ఒకే గడప దగ్గర పెట్టడం పచారీ కొట్టు కాలంలో ఖాతా కోసం చేసిన పని. మీకిప్పుడు ఖాతా లేదు కదా, ఆ అలవాటు ఎందుకు? సబ్బులు, బట్టలసోడా, టూత్‌పేస్టు, బిస్కట్లు వంటివి ఎక్కడ కొన్నా అవే కాబట్టి తగ్గింపు ధర ఉన్న చోట కొనండి. బియ్యం మాత్రం బియ్యం కొట్టులో కొనండి. అక్కడ పళ్ళేలలో మచ్చు పోసి ఉంచుతారు, అరచేతిలో వేసుకుని చూడవచ్చు, ఎన్ని నెలల పాతవో అడగవచ్చు. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే మనం బీపీటీ అనే 5204, సూపర్ మార్కెట్ సంచి మీద "ప్రీమియం సోనా మసూరి" వంటి ఏదో ఒక పేరుతో కనిపించవచ్చు, రకం పేరు అడిగితే అక్కడ చెప్పేవారుండరు. బియ్యం కొట్టు యజమాని చెబుతాడు, కావాలంటే 2015లో రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోనాకూ దానికీ తేడా కూడా చెబుతాడు. పప్పులు, మిరపకాయలు, పసుపు మీ ఊరి టోకు కొట్లలో అడగండి, కిలో రెండు కిలోలైనా చాలా మంది ఇస్తారు. అక్కడ పొట్టు మినప్పప్పు దొరకకపోతే నాకు మళ్ళీ రాయండి, నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

విడి సరుకు తగ్గిపోవడానికి పన్ను కారణమని కొందరు దుకాణదారులు చెబుతారు, అది తలకిందుల మాట. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి చీటీ అంటించిన బియ్యం, పప్పు, పిండి 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ పరిధిలోకి వచ్చాయి, విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. మన బియ్యం బస్తా ఉన్నట్టుండి 26 కిలోలు అయింది అందుకే. విడి సరుకు మానేయడానికి అసలు కారణం తూచడానికి ఒక మనిషిని నిలబెట్టవలసి రావడం.

ప్యాకెట్లే కొనవలసి వచ్చినప్పుడు ఒక అలవాటు చేసుకోండి. పూర్వం నూనె, టీ పొడి, బిస్కట్లు, సబ్బులు వంటి కొన్ని సరుకులు నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. దాన్ని ఎత్తివేసి, దాని స్థానంలో గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీద ముద్రించాలన్న నియమం తెచ్చారు. లీటరు పొద్దుతిరుగుడు నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కనే చూడడానికి అంతే ఉండే 850 గ్రాముల ప్యాకెట్టు ఉండవచ్చు. ఉదాహరణకు మొదటిది 150 రూపాయలు, రెండవది 142 అనుకుందాం. చవకగా కనిపించే రెండవది కిలోకు 167 రూపాయలు పడుతుంది, మొదటిది 165 లోపే. పరిమాణాలు ఇన్ని రకాలుగా పెరగడాన్ని కంపెనీలు ఎంపిక అంటాయి, నా బోటివాడికి అది తికమక. అంకెలు మరీ చిన్నవి కాబట్టి భూతద్దం వెంట ఉంచుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు, మా ఇంట్లో అది సంచిలోనే ఉంటుంది.

కౌంటర్ల సంగతి చెప్పాలంటే, ఎన్ని తెరవాలో చెప్పే చట్టం ఏదీ లేదు. వరుసలో నిలబడిన మన కోపం సహజంగా ఎదురుగా ఉన్న అమ్మాయి మీదికి వెళుతుంది. మూడు కౌంటర్ల పని ఒక్కతే చేస్తున్నందుకు ఆమెకు మూడు జీతాలు రావు. కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను దుకాణాల ఉద్యోగులు పనివేళల్లో కూర్చునే హక్కు కోసం తమ చట్టాలను సవరించవలసి వచ్చిందంటే, ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీరు ఉపాధ్యాయురాలు, రోజంతా నిలబడి పనిచేయడమంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. రద్దీ లేని వేళ వెళ్ళండి, ఆ అమ్మాయిని పేరు పెట్టి పలకరించండి. మీ పొట్టు పప్పు కాగితం పైకి వెళ్ళిందో లేదో ఆమె మీకు చెప్పే రోజు రావచ్చు.

ఫోన్ నంబరు విషయంలో మాత్రం మెత్తబడనక్కరలేదు. నంబరు ఇవ్వనిదే బిల్లు వేయబోమనడం అనుచిత వ్యాపార పద్ధతి అని, అలా పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపార సంఘాలకు స్పష్టంగా చెప్పింది. "నంబరు ఇవ్వను, బిల్లు వేయండి" అని శాంతంగా రెండుసార్లు అనండి, సాధారణంగా మూడోసారి అనవలసిన అవసరం రాదు. చాక్లెట్లు డబ్బు కావు. రూపాయి, అంతకు పైబడిన నాణేలు వెయ్యి రూపాయల వరకు చెల్లుబాటవుతాయని 2011 నాటి నాణేల చట్టం చెబుతోంది, చాక్లెట్టుకు ఆ గౌరవం ఏ చట్టమూ ఇవ్వలేదు. నేనొకసారి నెల రోజులు పోగుచేసిన చాక్లెట్లను బిల్లులో భాగంగా తిరిగి ఇవ్వబోయాను, ఎవరూ తీసుకోలేదు, నవ్వులు మాత్రం మిగిలాయి. చిల్లర తెచ్చుకోవడమో ఫోన్‌తో చెల్లించడమో సులువైన దారి.

మీ అబ్బాయి చెప్పిన యాప్‌ను పూర్తిగా కొట్టివేయవద్దు. మోకాళ్ళ నొప్పులున్న రోజున నూనె డబ్బా గుమ్మం దాకా రావడం చిన్న ఉపకారం కాదు. ఎంపిక ఎక్కువని మాత్రం అనుకోవద్దు. అక్కడ కూడా అరలు అద్దెకే ఉంటాయి, అద్దె కట్టినవారి సరుకు తెర మీద ముందు వస్తుంది. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివర్లో కొత్త రుసుములు బయటపెట్టడం వంటి 13 రకాల మోసపు ఎత్తులను నిషేధిస్తూ కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చిందంటే అవి అంతగా పెరిగాయనే కదా. డబ్బు చెల్లించే ముందు బుట్టను ఒకసారి పైనుంచి కిందికి చదవండి. గడువు దగ్గరపడిన సరుకు వస్తే తెచ్చిన కుర్రాడి ముందే ఫోటో తీసి, యాప్‌లోనే ఫిర్యాదు చేయండి.

చివరికి మిగిలింది పురుగుల రవ్వ, అన్నిటికంటే తొందర ఉన్నది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్రణ లోపమున్న సరుకుకు వర్తించదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, అలాంటి గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పురుగు పట్టిన ఆహారం 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం నిర్వచనంలో సురక్షితం కాని ఆహారం కూడా. ఈ రెండు మాటలూ మేనేజరుతో చెప్పండి, చాలా చోట్ల అక్కడితో తేలిపోతుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, ఖర్చు లేదు. ఆ పైన గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల రూపాయల వరకు విలువైన వ్యవహారానికి రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, రెండేళ్ళ వరకు గడువుంది. ఒక్క రవ్వ ప్యాకెట్టు కోసం అంత దూరం వెళ్ళమని నేను చెప్పను. వెళ్ళగలరన్న సంగతి మేనేజరుకు తెలిస్తే చాలు.

ఆ ప్యాకెట్టును పారవేయవద్దు, డబ్బాలోకి వంపవద్దు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఒక ఫోటో, పురుగులు కనిపించేలా ఒక ఫోటో తీసి, ప్యాకెట్టును మూతి కట్టి ఉంచండి. బిల్లును ఈ రోజే ఫోటో తీయండి, ఎందుకంటే ఆ మెరుపు కాగితం మీద అక్షరాలు రెండు మూడు నెలల్లో వెలిసిపోతాయి. మీరు కొని రెండు వారాలయింది, 30 రోజుల్లో ఇంకా సగం మిగిలి ఉంది. ఈ వారమే వెళ్ళండి.